కోడలు పెంచిన పుట్టకొక్కులు

ఎదురుగా ఎవరొచ్చి నిలబడినా శేషమ్మ ముందు వాళ్ళ చేతులు చూసేది, ఆ తర్వాత మొహం చూసేది. పాలమనిషి చెంబు ఇస్తే వేలు ముంచి నేలమీద ఒక చుక్క విదిలించి, అది పారుతుందో నిలుస్తుందో చూసేది. చేపలమ్మి గంప దించితే మొప్పలెత్తి వాసన చూసి "ఇవి నిన్నటివిమే" అనేది, ఆ చేప గంపలో ఇంకా తోక కొట్టుకుంటున్నా సరే. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే, ఇసుకదిబ్బలకు ఇవతల ఉండే ఊరు వాళ్ళది. వెంకటశేషమ్మ అని నిండైన పేరుండగా చాటున అందరూ అనుమానాల శేషమ్మ అనేవాళ్ళు. ఎదురుగా అనేంత గుండె ఎవరికీ లేదు.

ఆ బుద్ధి ఊరికే రాలేదు లెండి. ఆమె మొగుడు మంచి వయసులో ఉండగా దాయాదుల ఇంట్లో పెళ్ళి భోజనం చేసి వచ్చి, వాంతులు పట్టుకుని తెల్లారేసరికి పోయినాడు. ఊరు ఊరంతా కలరా అనింది. ఆ నెలలో కాలువ గట్టున ఇంకా చాలామంది అట్లాగే పోయారు కూడా. శేషమ్మ మాత్రం నమ్మలేదు. దాయాదులు మందు పెట్టారంది. మా వైపు మందు పెట్టడమంటే తెలియని వాళ్ళు లేరు. మనిషిని వశం చేసుకోవడానికో, తీసేయడానికో అన్నంలో ఏదో కలిపి పెట్టేస్తారని అందరికీ భయం. ఒళ్ళో ఏడాది కొడుకును పెట్టుకుని ఏడుస్తున్న పిల్లకు ఆ మాట ఒక్కటే పట్టుకోవడానికి దొరికింది, పట్టుకుంది. అంతే, ఆ రోజు నుంచి పరాయి ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

మొగుడి వెండి మొలతాడు మాత్రం కరిగించకుండా దాచుకుంది. విషం తగిలితే వెండి నల్లబడుతుందని వాళ్ళమ్మ చెప్పిన మాట. ఇంట్లోకి ఏ కొత్త తిండి వచ్చినా, చుట్టాలు పంపిన అరిసెలైనా సరే, పాకం మీదనో పులుసులోనో ఆ మొలతాడు కాసేపు పడి లేవాల్సిందే. కొడుకు మస్తానయ్య పెరిగి పెద్దవాడై నాలుగెకరాల వరి మడి సేద్యం చేస్తున్నా, వాడి కంచంలో కూడా ఒక్కోరోజు మొలతాడు తళుక్కుమనేది.

మస్తానయ్య మొదటి పెళ్ళాం ఆడబిడ్డను కని, ఆ బిడ్డకు మాటలు రాకముందే జ్వరంతో పోయింది. ఆ బిడ్డే బుజ్జమ్మ. లోకంలో శేషమ్మకు అనుమానం లేని మనిషి అదొక్కటే. పక్కలో వేసుకుని, చంకనేసుకుని, ముద్దముద్దకూ ఒక కథ చెప్పి పెంచింది. నాలుగేళ్ళప్పుడు తట్టు పోసి పిల్ల చిక్కి సగమైపోయింది. పిడికెడు అన్నం తినడానికి గంట పట్టేది. ఈ పిల్ల బతికి బట్టకడితే చాలు స్వామీ అని శనివారాలు ఒక్కపొద్దులు పట్టింది శేషమ్మ. సరిగ్గా అప్పుడే, పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, మస్తానయ్య రెండో పెళ్ళి చేసుకొచ్చినాడు.

కోడలు పేరు చెంచులక్ష్మి. రాపూరు అవతల కొండకింద పల్లె. మంచి ఒడ్డూ పొడుగూ మనిషి, గట్టిగా నవ్వుతుంది, గట్టిగానే బదులు చెబుతుంది. కొండకింద వాళ్ళకు తెలియని ఆకులుండవు, తెలియని వేర్లుండవు. ఆ సంగతి శేషమ్మ పెళ్ళిపందిట్లోనే తలచుకుంది. సవితితల్లికి బిడ్డ అడ్డమే కదా. రేపు దానికంటూ ఒక నలుసు కలిగితే బుజ్జమ్మను బతకనిస్తుందా?

కోడలు గడప తొక్కిన రోజే తేల్చి చెప్పేసింది. "ఇదిగో మే, ఇంటికి నువ్వే కోడలివి. బియ్యం నువ్వే కొలువు, గొడ్లను నువ్వే చూసుకో. బిడ్డకు మాత్రం ముద్ద నేనే పెడతా. నువ్వు దాని నోట్లో చిటికెడు చక్కెర కూడా పెట్టబాక."

"నీ బిడ్డను నువ్వే మేపుకో అత్తా, నాకు ఒక పని తగ్గింది" అని నవ్వేసింది చెంచులక్ష్మి. ఎదురు తిరిగి ఉంటే శేషమ్మకు కొంత నెమ్మదిగా ఉండేదేమో. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే మనసులో ఏదో పెట్టుకునే ఒప్పుకుందని ఆ రాత్రి కునుకు పట్టలేదు.

ఆ శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. పెరట్లో పాత గడ్డివామి అడుగు కుళ్ళి, దాని పక్కన గుత్తులుగా పుట్టకొక్కులు లేచాయి. పుట్టగొడుగుల్ని మా వైపు పుట్టకొక్కులంటారు. చెంచులక్ష్మి వాటిని చూసి పుట్టింటివాళ్ళు వచ్చినంత సంబరపడింది. కోసి కూరొండింది, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత చేసిన పనే ఎవరికీ అర్థం కాలేదు. అవి మొలిచిన చోట చేతులు పెట్టి, తెల్లటి బూజు పోగులు అల్లుకున్న కుళ్ళు గడ్డిని గడ్డలు గడ్డలుగా పెళ్ళగించి, తడిపిన గోతంలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, ఖాళీగా పడున్న బర్రెల కొట్టంలోకి మోసుకుపోయింది. కొట్టానికి తాటాకు తడిక అడ్డం పెట్టేసింది.

"కుళ్ళు గడ్డితో నీకేం పనిమే?"

"పెంచుతా అత్తా. మా అమ్మ ఒకే గడ్డి మీద నీళ్ళు చల్లి చల్లి మూడు మాట్లు కోసేది. ఇది విత్తనం మాదిరి పెడితే కొత్త గడ్డికి కూడా పాకుతాదేమో చూస్తా."

"పుట్టకొక్కులు ఉరిమితే పుడతాయి, దేవుడిస్తే దొరకతాయి. పెంచేదానికి అవేమన్నా కోళ్ళా?"

"కోళ్ళను మాత్రం రానీబాకత్తా. గీకి పారేస్తాయి" అని తడిక ఇంకా దగ్గరికి లాగింది కోడలు.

ఇక చూసుకోండి శేషమ్మ అవస్థ. కొట్టం చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తాటాకు సందులోంచి కన్నుపెట్టి చూస్తే, కోడలు కొత్త గడ్డిని నానబెట్టి, మోపులు కట్టి, అడ్డం ఒక వరస నిలువు ఒక వరస పేరుస్తోంది. వరసకూ వరసకూ మధ్య ఆ బూజుగడ్డి కొంచెం కొంచెం తుంచి పెడుతోంది. దానిమీద కొంగులోంచి ఏదో పొడి తీసి చల్లుతోంది. శేషమ్మ తడిక వదిలేసింది. వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ వెతికింది. ఉలవల డబ్బా మాత్రం సగానికి సగం తగ్గి ఉంది. ఉలవలు విసిరి పిండి చేసి చల్లుతోందని అనుకోవచ్చు కదా? అనుకోలేదు. ఉలవల్లో ఏం కలిపి విసిరిందో అని ఆలోచన పెట్టుకుంది.

ఒకరోజు గ్రామసేవకుడు హెబ్రోను సైకిలు దిగి, కోడలితో గుమ్మం దగ్గర చాలాసేపు మాట్లాడినాడు. అతను వీధి మలుపు తిరిగేలోపల శేషమ్మ అడ్డం పడింది.

"ఏం నాయనా, మా కోడలితో ఏంది కబుర్లు?"

"కోయంబత్తూరులో వరిగడ్డి మీద పుట్టకొక్కులు పెంచుతారంట పెద్దమ్మా. ఆ సంగతే అడిగింది. నాకు తెలిసినంత చెప్పినా. గడ్డి బాగా నానాల, పప్పుపిండి చల్లాల, ఎండ తగలకూడదు."

"నువ్వు చూసినావా నీ కళ్ళతో?"

"లేదు, చెప్పుకుంటుంటే విన్నా."

చూడని దాన్ని చెబుతున్నాడంటే ఇద్దరికీ మాట కలిసిందన్నమాట. శేషమ్మ ఇంటికొచ్చి బుజ్జమ్మను ఇంకా దగ్గరగా పొదువుకుంది.

మొదటిసారి పేర్చిన మోపులు చెడిపోయాయి. పుల్లల్లా సన్నగా ఏవో లేచి, సాయంత్రానికి నల్లగా కరిగి సిరా కారినట్టు కారాయి. చెంచులక్ష్మి ముక్కుకు కొంగు కట్టుకుని, ఆ గడ్డంతా తీసి కొట్టం వెనక గుంట తవ్వి పూడ్చింది. పూడ్చడం శేషమ్మ చూసింది. కోడలు నీళ్ళకు పోగానే పార తెచ్చి తవ్వింది. నల్లటి జిగురు, ముక్కు పగిలే కంపు. పక్కింటి ప్రమీలమ్మను పిలిచి చూపించింది. ప్రమీలమ్మ మంచిదే కానీ ఎవరి ఇంట్లోనైనా గొడవ అవుతుందంటే పొయ్యిమీద ఎసరు కూడా మరిచిపోయే రకం. ఒక పుల్లతో ఆ నల్లటిదాన్ని కదిలించి, "ఇది మందు మాదిరే ఉండాది శేషమ్మక్కా" అనేసింది. అన్నదేమో ఊసుపోక. విన్న మనిషికి అది సాక్ష్యం అయిపోయింది.

రెండోసారి పేర్చినవి నిలిచాయి. ఒక పొద్దున చెంచులక్ష్మి ఒగరుస్తూ వచ్చి అత్త చెయ్యి పట్టుకుని కొట్టంలోకి లాక్కుపోయింది. గోనెపట్టా ఎత్తి చూపించింది. గడ్డి మోపుల సందుల్లోంచి బూడిద రంగు మొగ్గలు, పిట్టగుడ్లంత, గుంపులు గుంపులుగా. కొన్ని అప్పుడే పైపొర చీల్చుకుని తల బయట పెడుతున్నాయి.

"చూడత్తా! ఉరమలేదు, మెరవలేదు. నేను పెంచినా."

ఆ మాటలో గర్వం తప్ప ఇంకేం లేదు. పైగా ఆ అమ్మి పెళ్ళయి వచ్చాక మనసారా సంతోషపడింది ఆ పూటే. శేషమ్మకేమో అవి పాముగుడ్లలాగా కనబడ్డాయి. దేవుడివ్వకుండా పుట్టింది ఏదైనా మంచిదెట్లా అవుతుంది? "ఊఁ" అని చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం వాటిని ఉడకబెట్టిన కోడిగుడ్లతో కలిపి, దండిగా వెల్లుల్లి వేసి కూరొండింది చెంచులక్ష్మి. మస్తానయ్య వేళ్ళు నాకుతూ తిన్నాడు. రాత్రికి మిగిల్చుకుని మళ్ళీ తిన్నాడు. బుజ్జమ్మ వాసనకు వచ్చి కంచం పక్కన కూర్చుంటే శేషమ్మ చెయ్యి పట్టి లేపుకుపోయింది. పిల్ల ఏడ్చింది. అందరూ నడుం వాల్చాక శేషమ్మ వంటింట్లోకి పోయి, కూరకుండలో మొలతాడు ముంచి మూత పెట్టింది.

పొద్దున తీసి చూస్తే మొలతాడు నల్లగా, మసిబారిన గొలుసులాగా ఉంది.

ఇల్లు దద్దరిల్లింది. మొలతాడు చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి, "చూడండయ్యా, నా ఇంట్లో ఏం వండతా ఉండారో చూడండి" అని నలుగురినీ పిలిచింది. చెంచులక్ష్మి చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని వచ్చింది.

"అందులో కోడిగుడ్లు ఏసినా కదత్తా. ఉట్టి గుడ్ల పులుసులో ఎయ్యి నీ మొలతాడు, అప్పుడు కూడా నల్లబడతాది."

"అన్నిటికీ జవాబు నేర్చుకునే వచ్చినావు."

మస్తానయ్య మధ్యలో దూరినాడు. "రెండు పూటలు తిన్నా కదమా నేను. నాకేమైంది?"

"నీకు పెట్టింది వశం మందు. అందుకే నీ నోటెంట దాని మాట వస్తా ఉండాది. బిడ్డకు పెట్టేది వేరే ఉంటాది."

కాదంటే వశమైనాడు, అవునంటే పెళ్ళాం హంతకురాలు. మస్తానయ్య తువ్వాలు భుజాన వేసుకుని మడికి పోయినాడు. గుడ్ల పులుసులో మొలతాడు వేసి చూస్తే పోయేదేముంది, ఒక్క పూట పని. శేషమ్మ అది మాత్రం చేయలేదు. చూస్తే తెలిసిపోతుందని భయమో ఏమో, తెలుసుకోవాలనే లేదు ఆమెకు. చింతపండు పెట్టి మొలతాడు తెల్లగా తోముకుని మళ్ళీ పెట్లో పెట్టుకుంది.

చెంచులక్ష్మి మోపులు మానలేదు. మొండిది. కోసినవి ప్రమీలమ్మ ఇంటికి ఇచ్చింది, హెబ్రోనుకిచ్చింది. వాళ్ళంతా తిని చక్కగా ఉన్నారు. బుజ్జమ్మకు మాత్రం అత్త మాట దాటి ఒక్క ముక్క పెట్టలేదు. కానీ పిల్ల మనసు అటే లాగేది. చిన్నమ్మ చిన్నమ్మ అంటూ కొట్టం తడిక పట్టుకుని నిలబడేది. నీళ్ళు చల్లే ముంత అందించేది. అవ్వ చారన్నం కలిపి తెస్తే మొహం తిప్పుకుని "చిన్నమ్మ కూర కావాల" అనేది. శేషమ్మకు మొదటిసారి అనుమానం కంటే ఎక్కువగా నొప్పి పుట్టింది. ఇన్నాళ్ళు తను తినిపిస్తేనే తిన్న పిల్ల, నిన్నగాక మొన్న వచ్చినదాని కూర కావాలంటోంది. బిడ్డను చంపడమే కాదు, ముందు తననుంచి ఊడబెరుక్కుంటోంది అనుకుంది.

అందుకే ఆశ్వయుజంలో మొదటి ఉరుములు ఉరిమి కుండపోతగా కురిసి వెలిసిన శనివారం పొద్దున, బుట్ట చంకన పెట్టుకుని శేషమ్మే బయల్దేరింది. ఉరిమి పుట్టినవి, దేవుడిచ్చినవి తెచ్చి, తన చేత్తో వండి పెడితే పిల్ల మళ్ళీ తన దగ్గరికి వస్తుంది. అంతే ఆమె ఆలోచన. సరుగుడు తోపు పక్కన, ఒకప్పుడు గొర్రెల మంద పెట్టిన పచ్చిక మీద దొరికాయి. ఒక్కొక్కటి కంచమంత, తెల్లగా, పైన లేత గోధుమరంగు పొలుసులతో. పిల్లలు గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడుకుంటున్నట్టు వరసగా ఉన్నాయి. దండం పెట్టుకుని కోసింది.

మస్తానయ్య బండి కట్టుకుని నెల్లూరు మిల్లుకు వడ్లు తోలుకుపోయినాడు. చెంచులక్ష్మి కాలువకు బట్టలెత్తుకుపోయింది. ఇంట్లో అడ్డు లేదు. శేషమ్మ వాటిని కడిగి, ఉల్లిగడ్డ, కారం, కాస్త కొబ్బరి వేసి వండింది. గుడ్లు వేయలేదు. మొలతాడు తెచ్చి కూరలో ముంచి, వంద లెక్కపెట్టినంతసేపు కూర్చుని తీసింది. తోమినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే తళతళా మెరుస్తోంది. కళ్ళకద్దుకుంది. ఒక్కపొద్దు గనక, పుట్టకొక్కులు నీచుతో సమానం గనక తాను నాలుక మీద పెట్టుకోలేదు. బుజ్జమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఆవురావురుమని తిన్నది. "ఇంకా పెట్టవ్వా" అనింది. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని. శేషమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో రెండు ముద్దలు పెట్టింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పిల్ల కడుపు పట్టుకుంది. మొదటి వాంతి వాకిట్లో. రెండోది గడపలోనే. ఆ తర్వాత విరేచనాలు మొదలై ఆగలేదు. శేషమ్మకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పాల్సిన పని లేదు. అప్పుడే తడి బట్టల మూటతో లోపలికొచ్చిన కోడలి జుట్టు పట్టుకుంది.

"ఏం పెట్టినావుమే నా బిడ్డకు? నేను అటు పోగానే ఏం పెట్టినావు?"

ప్రమీలమ్మ వచ్చింది, వీధి వచ్చింది. చెంచులక్ష్మి జుట్టు విడిపించుకోలేదు. ముందుకు వంగి పిల్లను చేతుల్లోకి తీసుకుంది, అప్పుడు శేషమ్మ చెయ్యి దానంతటదే జారిపోయింది. "తర్వాత కొడుదువులే అత్తా. ప్రమీలక్కా, చెంచయ్యన్నను బండి కట్టమను" అనింది. ప్రమీలమ్మ మొగుడు చెంచయ్య ఎద్దుల కోసం పరిగెత్తినాడు. చెంచులక్ష్మి నీళ్ళ కోసం వంటింట్లోకి పోయి, మూలన బుట్టలో మిగిలిన పుట్టకొక్కును చూసింది. తీసి బోర్లా తిప్పింది. పొద్దున తెల్లగా ఉన్న అడుగు రేకులు ఇప్పుడు పాచి పట్టినట్టు పచ్చగా ఉన్నాయి.

"ఇది యాడ కోసినావత్తా?"

"సరుగుడు తోపు కాడ. ఉరిమితే పుట్టినయ్యి, నువ్వు పెంచినయ్యి కాదు. ఇదిగో, వెండి నల్లబళ్ళేదు" అని శేషమ్మ మొలతాడు చూపించింది. చూపిస్తూ చూపిస్తూ ఆ పచ్చటి రేకుల వైపు చూసి చెయ్యి దించుకుంది.

చెంచులక్ష్మి ఆ పుట్టకొక్కును అరిటాకు ముక్కలో చుట్టి నడుముకు దోపుకుంది.

బండి మీద తోటపల్లి గూడూరు దాకా, అక్కణ్ణుంచి నెల్లూరుకు బస్సు. పిల్ల కోడలి ఒళ్ళో ఉంది. శేషమ్మ అడగలేదు, కోడలు ఇవ్వలేదు. బుజ్జమ్మ పెదాలు ఎండి, కళ్ళు లోపలికి పోయి, మధ్యమధ్య "చిన్నమ్మా" అంటుంటే కొంగు తడిపి పెదాలకద్దుతోంది చెంచులక్ష్మి. శేషమ్మ ఎదురు సీట్లో కూర్చుని ఆ తడికొంగునే చూస్తోంది. అలవాటు కొద్దీ నీళ్ళల్లో ఏమన్నా కలిపిందా అనుకుంది. అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం పుట్టింది. పొద్దున్నుంచి పిల్ల నోట్లోకి పోయినవన్నీ తను పెట్టినవే. ఎంత వెతికినా ఇంకో చెయ్యి దొరకలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పిల్లను చూస్తూనే సెలైను పెట్టించింది. ఎవరో మిల్లుకు పోయి చెబితే మస్తానయ్య తవుడు మొహంతోనే పరిగెత్తుకొచ్చినాడు.

"ఏం తినిందమ్మా? ఎప్పుడు తినింది?" డాక్టరమ్మ అడిగింది.

చెంచులక్ష్మి అరిటాకు విప్పి బల్ల మీద పెట్టింది. మస్తానయ్య దాన్ని చూసినాడు, పెళ్ళాన్ని చూసినాడు. ఎన్ని నెలలుగా తల్లి చెవిలో జోరీగలా చెప్పిందో అదంతా ఒక్కసారిగా వాడి మొహంలోకి వచ్చేసింది. "నువ్వా? నువ్వు పెట్టినావా బిడ్డకు?" అన్నాడు. చెయ్యి పైకి లేచింది.

"ఇంట్లో ఈమే పెంచతాది మేడమ్ వీటిని. వద్దన్నా వినదు" అన్నాడు డాక్టరమ్మ వైపు తిరిగి.

చెంచులక్ష్మి వెనక్కి జరగలేదు. "నేను పెంచింది ఇది కాదు" అనింది, అని అత్తను చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్నట్టుంది. తను చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

శేషమ్మ ఊరికే ఉంటే చాలు. ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. సాయంత్రానికి కోడలి ట్రంకుపెట్టె రాపూరు బస్సెక్కేస్తుంది. పెళ్ళిపందిట్లో అనుకున్నది, ఇన్నాళ్ళు ప్రతి పూటా దేవుణ్ణి కోరుకున్నది, చేతికి అందేంత దూరంలో ఉంది. ఊరంతా అవునంటుంది. నేను ముందే చెప్పినా అని ప్రమీలమ్మ పది ఇళ్ళు తిరిగి చెబుతుంది.

"ఇంట్లో పెంచిందా, బయట కోసిందా?" డాక్టరమ్మ గొంతు పెంచింది. "ఎంత తినింది, ఎంతసేపటి కింద? తెలిసినవాళ్ళు ఎవరన్నా నోరు తెరిచి చెప్పండి. నాకు కావాల."

మంచం మీద బుజ్జమ్మ మూలిగింది.

"నేను" అనింది శేషమ్మ. మళ్ళీ గట్టిగా అనింది. "నేను కోసినా. తోపు కాడ పచ్చిక మీద. పొద్దున నేనే వండి, ఒళ్ళో కూచోబెట్టుకుని కడుపునిండా పెట్టినా. ఇంకా కావాలంటే ఇంకా పెట్టినా. కోడలికి తెలవదు, అది ఇంట్లో లేదు." మస్తానయ్య లేచిన చెయ్యి దించుకోవడం కూడా మరిచిపోయి నిలబడినాడు. శేషమ్మ కొడుకు వైపు చూడలేకపోయింది. గోడకానుకుని నేలమీద కూలబడింది.

పిల్ల ఆ గండం గడిచి బయటపడింది. ఆసుపత్రిలో ఉన్న రోజులన్నీ శేషమ్మ వరండాలోనే ఉంది. చెంచులక్ష్మి లోపల, మంచం పక్కన. తాగించాల్సినవన్నీ ఆమే తాగించింది. వాళ్ళిద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం చెంచులక్ష్మి వరండాలోకి వచ్చి, "నువ్వు చెప్పకపోయుంటే నేను పోయేదాన్ని అత్తా. తిరిగి వచ్చేదాన్ని కాదు" అనింది. "తెలుసు" అనింది శేషమ్మ. ఇంటికొచ్చిన రోజు ప్రమీలమ్మ ఎదురొచ్చి, గొంతు తగ్గించి, "కోడలేనా?" అని కళ్ళతో సైగ చేసింది. "నేను. నేనేమే" అని వీధి వినబడేట్టు చెప్పింది శేషమ్మ.

మరునాడు శేషమ్మ పెందలాడే లేచి స్నానం చేసి, మెత్తగా అన్నం వండి, పెసరకట్టు కాచింది. డాక్టరమ్మ పెట్టమన్నదే. కంచంలో వేసి వేళ్ళతో మెదిపి, పిల్ల ముందు కూర్చుని ముద్ద ఎత్తింది. "ఆ అను నా తల్లీ. అనగనగా ఒక రాజు" అని మొదలుపెట్టింది.

బుజ్జమ్మ నోరు బిగించుకుంది.

"కొంచెం తిను బంగారూ."

పిల్ల తల అడ్డంగా ఊపి, గోడవైపు జరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు, మారాం చేయలేదు. వద్దనుకుంది, అంతే. శేషమ్మ ముద్ద పట్టుకున్న చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. కాసేపటికి కంచంలోకి దించింది. లేచి కొట్టం దగ్గరికి పోయి, తడిక బయట నిలబడి పిలిచింది. "ఇట్రామే. బిడ్డకు నువ్వు పెట్టు."

చెంచులక్ష్మి చేతులు కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుని, కంచం ముందు కూర్చుంది. కథ చెప్పలేదు, బతిమాలలేదు. ముద్ద పెట్టింది, పిల్ల తిన్నది. రెండోది పెట్టబోతూ తన నాలుకకు కొంచెం రాసుకుని చూసి, "చప్పగా ఉందత్తా. ఉప్పు తీసుకురా" అనింది.

శేషమ్మ ఉప్పు చిప్ప తెచ్చి కోడలి పక్కన పెట్టింది. "నువ్వే ఏసుకో" అనింది.

"నా చెయ్యి ఎంగిలి. నువ్వెయ్యి."

శేషమ్మ నాలుగు ఉప్పురాళ్ళు వేళ్ళ మధ్య పట్టుకుని, వంగి కంచంలో వేసింది. తలెత్తితే బుజ్జమ్మ ఆమె వేళ్ళనే చూస్తోంది. ముందు వేళ్ళు చూసింది, ఆ తర్వాత మెల్లగా అవ్వ మొహం చూసింది. అది ఎవరి దగ్గర నేర్చుకున్న చూపో శేషమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.